స్కూబాకు బయల్దేరే ముందు: వెట్‌సూట్ కొలత ఇంట్లోనే చూసుకోండి

సంక్రాంతి వెళ్లాక తిరుపతి, చిత్తూరు నుంచి అండమాన్‌కు వెళ్లే కుటుంబాలు బాగానే ఉంటాయి. చెన్నైలో విమానం ఎక్కడం, హేవ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఒకసారి స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదడం) చేయడం మామూలైపోయింది. అంత దూరం ఎందుకనుకున్నవాళ్లు పుదుచ్చేరికి పోతున్నారు. టికెట్లు, హోటల్, నీళ్లలో ఫొటోలు తీసే కెమెరా అన్నీ ముందే చూసుకుంటారు. ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు వెట్‌సూట్ మాత్రం ఒడ్డున ఏది చేతికిస్తే అదే. కొనుక్కున్నవాళ్లు కూడా చొక్కా సైజు చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తున్నారు. తీరా నీళ్లలో దిగాక అది సరిపోలేదని తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

మొదట అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. వెట్‌సూట్ నీళ్లను ఆపదు, నీళ్లు లోపలికి వస్తాయి. అలా వచ్చి చర్మానికీ సూట్‌కీ మధ్య చిక్కుకున్న పల్చటి నీటిపొరను మన ఒళ్లే వెచ్చబరుస్తుంది. సూట్‌కు వాడే నియోప్రీన్ రబ్బరులో చిన్న చిన్న వాయు బుడగలు ఉంటాయి, అవి ఆ వేడిని బయటికి పోనివ్వవు. అంటే ఆ నీటిపొర కదలకుండా ఉన్నంతసేపే సూట్ పనిచేస్తుంది. సూట్ వదులుగా ఉంటే కాలు ఆడించినప్పుడల్లా లోపలి వెచ్చటి నీళ్లు బయటికి, బయటి చల్లటి నీళ్లు లోపలికి పోతుంటాయి. రోహిణి కార్తెనే తట్టుకునేవాళ్లం, 28 డిగ్రీల సముద్రంలో చలేమిటని నవ్వకండి. నీళ్లు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. అరగంట దాటేసరికి వణుకు మొదలుకావచ్చు. వణుకుతుంటే ఊపిరి వేగం పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి తొందరగా అయిపోతుంది.

కొలతలకు వీధి చివర టైలర్ చాలు. ఎత్తు, ఛాతీ, నడుము, సీటు, మెడ, తొడ లోపలి నుంచి మడమ దాకా పొడవు తీయించుకోండి, బరువు కూడా చూసుకోండి. ఒక్క మాట మాత్రం ఆయనకు ముందే చెప్పాలి. మన టైలర్లకు రెండంగుళాలు లూజు కలిపి రాసే అలవాటుంది, పిల్లలకైతే మనమే అడిగి మరీ పెట్టిస్తాం. ఇక్కడ పల్చటి బనియన్ మీద తీసిన అసలు కొలతే కావాలి. ఆ అంకెల్ని మీరు కొనబోయే కంపెనీ సైజు చార్ట్‌తో పోల్చండి. ఒక కంపెనీ ఎల్, ఇంకో కంపెనీ ఎల్ ఒకటి కావు. మగవాళ్లకు ముందు ఎత్తు, ఛాతీ కుదరాలి, పొట్ట దగ్గర నియోప్రీన్ కాస్త సాగుతుంది. ఆడవాళ్లు ఆడవాళ్ల కటింగ్ ఉన్నదే అడగాలి. మగవాళ్ల సూట్ అయితే సీటు దగ్గర పట్టేస్తుంది, నడుము వెనక సంచిలా తేలి నీళ్లు నిలుస్తాయి.

సూట్ ఇంటికొచ్చాక వేసి చూసుకోవడానికీ ఒక వేళ ఉంది. ఏప్రిల్, మే మధ్యాహ్నం మన ఊళ్లో మూడు మిల్లీమీటర్ల రబ్బరు తొడుక్కుంటే చెమట ఆరే దారే ఉండదు, కళ్లు తిరుగుతాయి. తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో, భోజనం అరిగాకో వేసుకోండి. నీళ్లు తాగండి, పక్కన ఒకరిని ఉంచుకోండి.

తొడుక్కోవడం మొదటిసారి కుస్తీలాగే ఉంటుంది. పాదానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి దూర్చితే జారుతుంది. గోళ్లతో లాగితే నియోప్రీన్ చంద్రవంకలా కోసుకుపోతుంది, వేళ్ల మెత్తటి భాగంతోనే పట్టుకోవాలి. మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి తొడకు కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ, తొడల మధ్య ఖాళీ లేకుండా పూర్తిగా ఎక్కించాకే చేతులు దూర్చండి. భుజాల దగ్గర పొట్టిగా ఉందని వాపసు పంపే సూట్లలో చాలావాటికి అసలు లోపం కింద సరిగా లాగకపోవడమే. జిప్ ఎక్కడుందో కూడా చూసుకోండి. ఎక్కువ సూట్లకు అది వీపు వైపే ఉంటుంది, ముందుకు వేసుకుని తంటాలు పడేవాళ్లూ ఉన్నారు.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి మురిసిపోతే సరిపోదు. రెండు చేతులూ పైకెత్తండి, గుంజీలు తీసినట్టు కూర్చుని లేవండి, గుండెల నిండా ఊపిరి పీల్చండి. ఊపిరి సగంలో ఆగిపోతున్నట్టుంటే ఆ సూట్ వద్దు. నడుము వెనక, చంకల్లో, తొడల మధ్య సూట్ ఒంటిని వదిలి తేలుతోందేమో తడిమి చూడండి. పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపించడం సరైనదే, నీళ్లలో అది సర్దుకుంటుంది. పైగా లోతుకు వెళ్లేకొద్దీ నియోప్రీన్ నలుగుతుంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీదకంటే రెట్టింపు, అక్కడ ఆ బుడగలు కుంచించుకుపోయి సూట్ పల్చబడుతుంది. ఇంట్లోనే వదులుగా ఉన్నది అక్కడ ఇంకా వదులవుతుంది.

అన్నిటికన్నా మెడ దగ్గరే జాగ్రత్త ఎక్కువ. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులున్నాయి. అక్కడే బీపీని కనిపెట్టే నరాల చోటు ఉంటుంది. కాలర్ దాన్ని గట్టిగా నొక్కితే, బీపీ పెరిగిందని శరీరం పొరబడి గుండె వేగాన్ని తగ్గించేస్తుంది. తల తేలిపోవడం, కళ్లు చీకట్లు కమ్మడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా జరగొచ్చు. ఒడ్డు మీదైతే కూలబడతాం, నీళ్లలో పరిస్థితి వేరు. కొత్తవాళ్లు దీన్ని భయం వల్ల వచ్చిన టెన్షన్ అనుకుని ఓర్చుకుంటారు. కాలర్ లోపలికి ఒక వేలు సులువుగా దూరాలి, మింగడానికీ తల తిప్పడానికీ ఇబ్బంది ఉండకూడదు. జిప్ వేసుకుని పది నిమిషాలు కూర్చుని చూడండి. తల దిమ్ముగా అనిపిస్తే, మిగతా అంతా ఎంత బాగా కుదిరినా ఆ సూట్ తిప్పి పంపండి.

సూట్ కింద ఒంటి మీద ఏముండాలన్నది మన ఇళ్లలో ఎవరూ చెప్పని విషయం. వెండి మొలతాడు బిళ్లలు నియోప్రీన్ కింద నొక్కుకుని పొట్ట మీద అచ్చు పడతాయి. మెట్టెలు తగిలి కాలి దగ్గర సూట్ చిరుగుతుంది. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే పెట్టి వెళ్లడం మేలు. తాళి తీయనంటే దారానికి కట్టుకుని ఛాతీ మీద పరుచుకునేలా సర్దుకోండి, మెడ కాలర్ కింద గొలుసు ఉండకూడదు. కాటన్ లెగ్గింగ్స్ ముడతలు పడి ఒరుసుకుంటాయి, ఈత దుస్తులే వేసుకోండి. ఒరుపుకు వాజలైన్ రాయమంటారు, రాయకండి, అలాంటి జిడ్డు నియోప్రీన్‌ను పాడుచేస్తుంది.

కొండకు వెళ్లి తలనీలాలిచ్చి, అదే వారంలో అండమాన్ ఎక్కేవాళ్లకు ఇంకో మాట. కొత్త గుండు మీద పడవలో ఎండ మాడ్చేస్తుంది, కత్తి గాట్లుంటే ఉప్పునీళ్లు మంటపెడతాయి. పల్చటి నియోప్రీన్ టోపీ ఒకటి అడిగి తీసుకోండి.

అద్దె సూట్ అయితే మీ కొలతల్ని డైవ్ సెంటర్‌కు వాట్సాప్‌లో ముందే పంపండి. అక్కడ మోకాళ్లు, జిప్ పళ్లు, కుట్లు చూడండి. వేళ్ల మధ్య నొక్కితే కాగితంలా అనిపించే సూట్ ఏళ్లుగా నలిగిందే, అందులో వెచ్చదనం మిగల్లేదు. మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు. కొత్త సూట్ వేసుకుంటే పాతదానికంటే ఎక్కువ తేలుస్తుంది, కాబట్టి నడుముకు కట్టే సీసం బరువులు ఎంత కావాలో నీళ్లలోనే ఇన్‌స్ట్రక్టర్ చేత చూపించుకోండి. తేలుస్తుంది కదా అని తలకోన గుండంలోనో కళ్యాణి డ్యామ్‌లోనో దిగి పరీక్షించకండి. అది లైఫ్ జాకెట్ కాదు, స్పృహ తప్పినవాడి ముఖాన్ని నీటిపైన నిలబెట్టదు.

తిరిగొచ్చాక మంచినీళ్లలో కడిగి, మందపాటి హ్యాంగర్‌కు వేసి నీడలో ఆరబెట్టండి. మిద్దె మీద ఎండలో పరిస్తే రబ్బరు పెళుసెక్కుతుంది, మడిచి కారు డిక్కీలో వదిలేస్తే ముడత దగ్గర శాశ్వతంగా పల్చబడుతుంది.

పుదుచ్చేరిలో పొద్దున డైవ్ చేసి, సాయంత్రానికి తిరుమల దర్శనం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తు. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి, విమానం ఎక్కే ముందు పాటించమని చెప్పే విరామం 600 మీటర్లు దాటిన కొండలకూ వర్తిస్తుంది: ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువైతే 18. దర్శనం టికెట్ మర్నాటికి తీసుకోండి.