చలికాలంలో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీని ఎలా చూసుకోవాలి?

మాది ఆదిలాబాద్. మొన్న డిసెంబరులో తెల్లారుజామున తమ్ముణ్ణి బస్టాండులో దింపుదామని స్కూటర్ తీస్తే మీటరులో 24 శాతం ఉంది. బస్టాండు చేరేసరికి 15కి పడింది. ఎండెక్కాక చూస్తే, చార్జింగ్ పెట్టకుండానే 18! బ్యాటరీ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, దానికి ఏమీ కాలేదు.

చలికి కొబ్బరినూనె పేరుకున్నట్టే లిథియం బ్యాటరీలోని ద్రవం కూడా చిక్కబడుతుంది. గడ్డకట్టదు, కానీ అయాన్ల (అందులో చార్జ్ మోసే కణాల) నడక మందగిస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలో ఇది ఇంకాస్త ఎక్కువ. వేడెక్కితే మళ్లీ మామూలే.

ముందు చూసుకోవాల్సింది చార్జింగ్ వేళ. ఎండాకాలంలో బండి చల్లారాక ప్లగ్ పెట్టమంటారు కదా, చలికాలంలో దానికి ఉల్టా. తిరిగొచ్చాక బ్యాటరీ గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టేయండి. రాత్రంతా బయట మంచులో నిలిపిన బండికి పొద్దున్నే పెట్టకండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ లోపలి గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద లోహపు పూతలా పేరుకుంటుంది, అలా పోయిన సామర్థ్యం ఇక తిరిగి రాదు. అందుకే చాలా బండ్లలో బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) అంత చలిలో చార్జింగ్ ఎక్కనివ్వదు. మన దగ్గర లంబసింగి లాంటి చోట్ల తప్ప చలి అంతదాకా రావడం అరుదు. టొరంటోలోనో షికాగోలోనో ఉండే మనవాళ్లకు మాత్రం చలికాలమంతా ఇదే గొడవ.

ఊడదీసే బ్యాటరీ అయితే రాత్రి ఇంట్లోకి తెచ్చుకోండి. మనుషులు బయటికి వెళ్లే దారికి అడ్డంగా పెట్టొద్దు, పొయ్యి దగ్గర అసలే వద్దు. వేడినీళ్లు పోయడం, కుంపటి పక్కన పెట్టడం లాంటి ప్రయోగాలు చేయకండి. బయటే ఉంచక తప్పకపోతే గాలి తగలని గోడ వారగా నిలపండి.

బయల్దేరాక మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఎకో మోడ్‌లో వెళ్లండి. బ్యాటరీ చల్లగా ఉంటే రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే బండిని నిదానింపజేస్తూ బ్యాటరీకి చార్జ్ ఎక్కించే పద్ధతి) తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలినా బండి రోజూలా ఆగదు కాబట్టి బ్రేకు మీద చెయ్యి ఉండాలి. చలికి టైర్లలో గాలి కూడా తగ్గుతుంది, ఓసారి కొట్టించుకోండి. 20 శాతంతో ఊరి పొలిమేర దాటకండి.

సంక్రాంతికి ఊరెళ్తూ బండిని పది రోజులు వదిలేయాల్సి వస్తే ఫుల్ చేసి వెళ్లకండి, సున్నాకీ దించకండి. సగం దగ్గర ఆపి, చార్జర్ తీసేసి, తాళం వేసుకుని వెళ్లండి.