మన తేమలో ప్లాస్టిక్ కారు కిట్: బాడీ రంగు చెడకుండా చేసే పద్ధతి

ముక్కలు అతికి బొమ్మ కారు చేసుకునే కిట్ పెట్టెలో వచ్చే కాగితం ఏ పార్టు ఎక్కడ అతకాలో బొమ్మలు వేసి చూపిస్తుంది. నవంబరులో నెల్లూరులో బాడీకి కొట్టిన ఎరుపు అరగంటలో పాలు చల్లినట్టు ఎందుకు తెల్లబడుతుందో, రోహిణి కార్తెలో ఒంగోలులో కొట్టిన నలుపు ఇసుక రాలినట్టు గరగరలాడుతూ ఎందుకు తేలుతుందో అందులో ఉండదు. యుద్ధ ట్యాంకు కిట్ అయితే తప్పుల్ని బురద రంగు కింద దాచేయొచ్చు. కారుకు ఆ వీలు లేదు. అద్దంలా మెరవాల్సిన బాడీ మీద వెంట్రుక పడినా ఊరంతా కనబడుతుంది. అందుకే ఇక్కడ చెప్పేది ఎక్కువగా బాడీ గురించే.

ఏది కొనాలి

జపాన్ కంపెనీలు టామియా, అయోషిమా, ఫుజిమి, హసెగావా కార్లను ఎక్కువగా 1/24 కొలతలో తెస్తాయి. అమెరికా వాళ్ల ఏఎంటీ, ఎంపీసీ కిట్లు 1/25. నాలుగు మీటర్ల కారు 1/24లో 16.7 సెంటీమీటర్లు, 1/25లో 16. అలమరలో పక్కపక్కన పెట్టినా తేడా పెద్దగా తెలియదు.

చేతికి అలవాటు కావడానికి అయోషిమా 1/32 స్నాప్ కిట్ మంచిది. గమ్ అక్కర్లేదు, ప్లాస్టిక్కే కారు రంగులో వస్తుంది. అందులో సుజుకి జిమ్నీ ఉంది, కాకపోతే మన రోడ్ల మీద తిరిగే ఐదు తలుపులది కాదు, జపాన్‌లో అమ్మే మూడు తలుపుల బండి. ఆ తర్వాత ఇంజన్ లేని టామియా 1/24 కిట్ తీసుకోండి. ఇంజన్, తెరుచుకునే బానెట్ ఉన్న పాత అమెరికా కిట్‌తో మొదలుపెడితే సగంలో అటక ఎక్కడం ఖాయం. వాటిలో పార్టుల అంచులకు పొరలు పొరలుగా అదనపు ప్లాస్టిక్ ఉంటుంది, అతుకులు సరిగా కూర్చోవు.

పాత కిట్లు పోగుచేసేవాళ్లు పెట్టె మీద ముద్రించిన సంవత్సరాన్ని నమ్మొద్దు. అది అచ్చు తయారైన ఏడాదో, కాపీరైట్ ఏడాదో కావచ్చు, ఆ పెట్టె ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ వేసినది కావచ్చు. కంపెనీ అదే అచ్చుతో కిట్‌ను మళ్లీ విడుదల చేసిందంటే సీలు పెట్టెకు పెట్టిన పెద్ద ధర మామూలు ధరకు దిగిపోతుంది. తెరిచిన పెట్టె కొంటుంటే మూడు ఫొటోలు అడగండి: డికాల్స్ (నీళ్లలో ముంచి బాడీ మీద అంటించే బొమ్మలు, అక్షరాలు) కాగితం, అద్దాల పార్టులు, టైర్లు. మెత్తటి వినైల్ టైర్లు ఏళ్లతరబడి ప్లాస్టిక్‌ను ఆనుకుని ఉంటే, వాటిలోని నూనె లాంటి పదార్థం బయటికొచ్చి ఆనుకున్న చోట ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. విండ్‌షీల్డ్ మీద టైరు అచ్చు పడిందంటే దాన్ని బాగుచేయడం కుదరదు. కొత్త కిట్ వచ్చిన రోజే టైర్లను వేరే జిప్ కవర్లో వేసేయండి.

పసుపుబారిన డికాల్స్‌కు మాత్రం మన ఎండ మందు. జిప్ కవర్లో పెట్టి, కిటికీ అద్దానికి లోపలివైపు టేపుతో అంటించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే పసుపు చాలావరకు విరిగిపోతుంది.

సామాను

పార్టులు కోసే నిప్పర్, టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ (ప్లాస్టిక్ అతికే ద్రవం; ఆకుపచ్చ మూత, 40 మి.లీ.), రంగు కింద వేసే ప్రైమర్, రంగు డబ్బాలు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. స్ప్రే డబ్బాలను విమానంలో పంపనివ్వరు, రోడ్డు మీదే రావాలి కాబట్టి ముందుగా ఆర్డర్ పెట్టండి. మిగతావన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. 400, 600, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్, గుంటలు పూడ్చే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, మాస్కింగ్ టేపు కార్ల పెయింట్ షాపులో ఉంటాయి. ఎం-సీల్, ఫెవికాల్ ఎక్కడైనా ఉంటాయి. రంగు కలపడానికి చీపురుపుల్ల చాలు. రుద్దడానికి సమతలమైన బల్ల కావాలంటే మార్కాపురం రాతి పలక వెతకండి. చెక్క చట్రం తీసేసి పలక మీద వాటర్ పేపర్ తడిపి పరిస్తే కదలకుండా అతుక్కుంటుంది. ఎన్ని నీళ్లు పోసినా పలక ఉబ్బదు, వంగదు.

ఒక హెచ్చరిక. అదే షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, కారు రంగు చవకే. ప్రైమర్ లేని ప్లాస్టిక్ మీద నేరుగా పడితే మాత్రం అది కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను తింటుంది. ఎండిన చెరువులా సన్నటి బీటలు వస్తాయి. వాడాలనుకుంటే ముందు ప్రైమర్ వేసి, పనికిరాని పార్టు లోపలివైపు కొట్టి చూడండి.

కోయడం, అతకడం

పార్టులున్న చట్రాలను గిన్నెలు తోమే లిక్విడ్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అచ్చులోంచి ఊడిరావడానికి వాడిన జిడ్డు ఉంటే రంగు పట్టదు.

పార్టును రెండు కోతల్లో తీయాలి. మొదటి కోత పార్టుకు దూరంగా, రెండోది అర మిల్లీమీటరు వదిలి. మిగిలిన ముక్కను బ్లేడుతో చెక్కి 600తో రుద్దండి. ఒకే కోతలో ఆనించి కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్ల మచ్చ పడుతుంది. అద్దం పార్టులో ఆ మచ్చ పోదు.

ఎక్స్‌ట్రా థిన్‌ను గమ్‌లా ముందు పూసి తర్వాత అంటించకూడదు. రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని అతుకు దగ్గర కుంచె కొన ఆనిస్తే చాలు, కాలువలో నీళ్లు పారినట్టు సందులోకి అదే పాకుతుంది. వేలు సందు మీద ఉందంటే వేలిముద్ర ప్లాస్టిక్‌లో అచ్చుపడుతుంది. క్రోమ్ పూత ఉన్న చోట సిమెంట్ పనిచేయదు, అతికే ముఖం వరకు పూత గీకేయండి.

బాడీ

రంగు ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి కాగితంలో ఎక్కడున్నా బాడీ పనే ముందు. అది ఆరుతుండగా ఛాసిస్, సీట్లు చేసుకోవచ్చు.

ట్యూబ్‌లైటు కింద బాడీని ఏటవాలుగా తిప్పి చూడండి. ముందు మడ్‌గార్డుల పైనుంచి, పైకప్పు పక్కగా, డిక్కీ దాకా సన్నటి గీత కనబడుతుంది. అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటు అది. బ్లేడు వెన్నుతో గీకి 600, తర్వాత 1000తో తడిపి రుద్దండి. దీన్ని వదిలేస్తే రంగు వేశాక రెట్టింపుగా కనబడుతుంది. గుంటలుంటే ఎన్‌సీ పుట్టీ పలచగా, పొర మీద పొరగా వేయండి. మందంగా దట్టిస్తే లోపలి థిన్నర్ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వారం తర్వాత మళ్లీ గుంట పడుతుంది. లోతైన గుంటకు ఎం-సీలే మేలు. తలుపుల సందు గీతల్ని ఇప్పుడే సూదితో ఒకటి రెండుసార్లు గీసి లోతు చేయండి. మూడు నాలుగు పొరల రంగు పడితే అవి పూడిపోతాయి.

కిట్ ప్లాస్టిక్ ఎరుపై, మీరు తెలుపు వేయబోతుంటే జాగ్రత్త. ఎరుపు కిందనుంచి ఊరి తెలుపు గులాబీ రంగుకు తిరుగుతుంది. ప్రైమర్ తర్వాత ఒక పొర వెండి రంగు వేసి ఆపైన తెలుపు వేయండి.

ఎప్పుడు కొట్టాలి

నెల్లూరుకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలదే. ఆ నెలల్లో స్ప్రే డబ్బా ముట్టుకోకండి. డబ్బాలో ఉండే లాకర్ రకం రంగులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు బాడీ చల్లబడుతుంది, గాలిలోని తేమ ఆ చల్లదనానికి తడి రంగు మీదే వాలి తెల్లగా పొగచూరినట్టు చేస్తుంది. మేలో సమస్య తిరగబడుతుంది. రంగు బొట్టు బాడీని చేరేలోపే గాలిలో సగం ఆరిపోయి పొడిగా పడుతుంది.

సంక్రాంతి పోయాక మార్చి మధ్య వరకు మంచి కాలం. అందులోనూ మంచు విడిచాక పది గంటల నుంచి, సముద్రపు గాలి మళ్లేలోపు. కనిగిరి, పొదిలి వైపు తేమ బెడద తక్కువే గానీ దుమ్ము పని చెడగొడుతుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. 60 శాతం లోపుంటే నిశ్చింతగా కొట్టండి, 70 దాటితే ఆగండి, 80 అంటే డబ్బా లోపల పెట్టేయండి.

తెల్లబడిన బాడీని వెంటనే గీకొద్దు. పూర్తిగా ఆరనిచ్చి, పొడి రోజున అదే రంగు పలచగా ఒక పొర కొడితే కొత్త థిన్నర్ పాత పొరను కాస్త కరిగించి తేమను వదిలిస్తుంది, చాలాసార్లు తెలుపు మాయమవుతుంది.

కొట్టే తీరు

పాలీస్టైరీన్‌కు టామియా టీఎస్ డబ్బాలు (100 మి.లీ.) కొనండి. పీఎస్ అని ఉన్నవి రిమోట్‌తో నడిచే ఆర్‌సీ కార్ల పాలీకార్బొనేట్ బాడీలకు, దీనికి కాదు. బాడీని పాత సీసాకు టేపుతో బిగించండి. ఫ్యాన్ ఆపండి, నేల మీద నీళ్లు చల్లకుండా తడిగుడ్డతో తుడవండి. దేవుడి గదిలో దీపం, వంటింట్లో స్టవ్ వెలుగుతుంటే ఆ పక్కకు పోవద్దు. ముక్కుకు గుడ్డ చాలదు, థిన్నర్ ఆవిరిని ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ కావాలి.

డబ్బాను రెండు నిమిషాలు ఊపండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో, బాడీకి అవతల మొదలుపెట్టి అవతలే ఆపండి. మొదటి రెండు పొరలు కింద ప్రైమర్ కనబడేంత పలచగా, మధ్య పది పదిహేను నిమిషాలు ఆగుతూ. మూడోది తడిగా మెరిసేటట్టు. ఈ మూడో పొర దగ్గరే అందరూ భయపడతారు. దూరం జరిగి పొడిగా కొడితే నారింజ తొక్కలా వస్తుంది, ఒకే చోట నిలిపితే తలుపు మీద కన్నీటి చార జారుతుంది. చార జారిందంటే వేలు పెట్టకండి. వారం ఆగి 1500తో రుద్ది మళ్లీ కొట్టాలి.

కొట్టిన వెంటనే పెద్ద ప్లాస్టిక్ టబ్ బోర్లించండి, అంచు కింద అగ్గిపుల్లలు పెట్టి గాలి ఆడనివ్వండి. ఆరిందా అని తాకి చూడొద్దు, వాసన చూడండి. ముక్కు దగ్గర పెడితే థిన్నర్ వాసన వస్తుందంటే లోపల ఇంకా పచ్చిగానే ఉంది.

డికాల్స్‌ను గోరువెచ్చని నీళ్లలో పది ఇరవై సెకన్లు ముంచి, గుడ్డ మీద నిమిషం ఉంచితే జారుతాయి. మెరిసే రంగు మీదే అంటించాలి, గరుకు మీద పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. రెండు రోజులు ఆరాక టీఎస్-13 క్లియర్‌ను మొదట తుషారంలా రెండుసార్లు, ఆ తర్వాతే తడిగా కొట్టండి. తొలిసారే తడిగా కొడితే డికాల్ ముడుచుకుపోతుంది. వారం తర్వాత 2000తో తేలిగ్గా రుద్ది, మెరుపు తెచ్చే పాలిష్ కాంపౌండ్ పట్టించండి. బానెట్ అంచులు, తలుపు గీతల పక్కన టేపు అంటించి రుద్దండి. రంగు ముందు అరిగేది అక్కడే.

చివరి బిగింపు

అద్దాలకు ఫెవికాల్. ఫెవిక్విక్ ఆవిరికి అద్దం లోపల తెల్లటి పొర కడుతుంది. ఛాసిస్ అతుకులు ఆరకముందే నాలుగు చక్రాలూ రాతి పలక మీద ఆనించి, కింద కాగితం ముక్క తోసి చూడండి. ఏ చక్రం కిందనైనా కాగితం స్వేచ్ఛగా జారితే ఇరుసు ఇప్పుడే వంచి సరిచేయాలి. బాడీని ఛాసిస్ మీదకు దించేటప్పుడు పక్కల్ని మరీ విప్పితే విండ్‌షీల్డ్ స్తంభం పుటుక్కున విరుగుతుంది. దిగడం లేదంటే తోయకండి, డ్యాష్‌బోర్డు చివర్లలో పేరుకున్న రంగు గీకి మళ్లీ చూడండి.

అలమరకు కిటికీ ఎండ తగలకూడదు. పెట్టెల అడుగున సిలికా జెల్ పొట్లాలు, చెదలు పట్టకుండా గోడకు రెండంగుళాల ఎడం. రంగు వేసిన చెక్క అర మీద కారును నేరుగా నిలపకండి. వినైల్ టైర్లు నెలల తరబడి ఆ రంగును మెత్తబరిచి అతుక్కుపోతాయి, లాగితే చక్రం ఊడి చేతికొస్తుంది. టైర్ల కింద గాజు ముక్క గానీ, రుద్దడానికి వాడిన పలక గానీ పెట్టండి.