పాతపేటలోని చిన్న మ్యూజియానికి వెళ్లే ముందు

సెలవుల్లో పిల్లలను తీసుకుని పాత వీధుల్లోని స్థానిక చరిత్ర మ్యూజియం చూడాలనుకుంటున్నారా? బయలుదేరే ముందు ఇవి సరిచూసుకోండి.

తెరిచి ఉంటుందో లేదో ఆ ఉదయమే ఫోన్ చేసి అడగండి. ఇలాంటి చోట్ల తాళం చాలాసార్లు ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆయనకు జ్వరమొస్తే ఆ రోజుకు మ్యూజియం లేనట్టే. ఇంటర్నెట్‌లో కనిపించే వేళలు ఏళ్ల నాటివి కావచ్చు.

ఇంట్లోని పాత ఫొటోలు, పత్రాలు చూపించాలనుకుంటే నకళ్లే తీసుకెళ్లండి. అసలువి ఇవ్వాల్సి వస్తే దానమా, అరువా అన్నది రాసిన రసీదు లేకుండా ఇవ్వకండి. మనుషులు మారాక నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

ఫోన్‌లో ఫ్లాష్ ఆపేయండి. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు చాలని నిపుణులు అంటారు. గది మసకగా ఉండేది అందుకే. వెలిసిన రంగు తిరిగి రాదు.

ఇత్తడి, రాగి వస్తువులను ముట్టుకోవద్దు. చేతి చెమటలోని ఉప్పుకు లోహం చిలుముపడుతుంది.

వీపు సంచి ముందుకు వేసుకోండి, గదులు ఇరుకు.

మెట్లు ఎక్కలేని పెద్దవారు వస్తుంటే ముందే చెప్పండి. పాత ఇళ్లలో లిఫ్టు అరుదు.

గంట ఎక్కువే ఉంచుకోండి. ఫలకం మీద రెండు వాక్యాలే ఉన్న వస్తువు గురించి అక్కడి సంరక్షకులు అరగంట చెప్పగలరు. నా మటుకు, వెళ్లేది అందుకోసమే.