గులకరాయి, నీరు, గాలి: ఆకారాన్నీ ఘనపరిమాణాన్నీ పిల్లలచేత కొలిపించడం ఎలా

ఘన, ద్రవ, వాయు పదార్థాల నిర్వచనాలను పిల్లలు తేలికగానే అప్పజెబుతారు. ఇసుకను చూపించి ఇది ఏ కోవకు చెందుతుందని అడిగినప్పుడే తడబడతారు. అందువల్ల ఆకారం నిలుస్తుందా, ఘనపరిమాణం నిలుస్తుందా అనే రెండు ప్రశ్నలను విడివిడిగా వేసి, జవాబును వారిచేతనే కొలిపించడం మేలని నా అభిప్రాయం. ఇందుకు 100 మిల్లీలీటర్ల కొలజాడీలు రెండు, గులకరాయి, దారం, సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి, ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన గ్లాసెడు ఇసుక చాలు. విశాఖ ఇసుకకు ఉప్పు, తేమ పట్టి ఉంటాయి కనుక మంచినీటితో రెండుసార్లు కడిగి, పొడిపొడిగా రాలేంతవరకు ఎండబెట్టండి.

మొదట కొలజాడీలో 50 మిల్లీలీటర్ల నీరు పోసి, దారం కట్టిన గులకరాయిని అందులో పూర్తిగా మునిగేలా దించండి. మట్టం 62కు చేరితే రాయి ఘనపరిమాణం 12 మిల్లీలీటర్లు. రాయిని ఎలా తిప్పి దించినా ఆకారమూ మారదు, ఆ అంకె కూడా మారదు. తర్వాత రాయిని తీసేసి, నీటిని పళ్లెంలోకి, గ్లాసులోకి మార్చి తిరిగి కొలిపిస్తే, అంటుకుపోయిన కొన్ని చుక్కలు మినహా అదే 50 ఉంటుంది, మారింది ఆకారమే.

ఇసుక దగ్గర మాత్రం తొందరపడకూడదు. గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారంలోనే కనిపిస్తుంది కనుక పిల్లలు దానిని ద్రవమంటారు. పళ్లెంలో పోయించండి: నీరు సమంగా పరుచుకుంటుంది, ఇసుక కుప్పగా నిలుస్తుంది. భూతద్దంతో చూస్తే ప్రతి రేణువుకూ తనదైన ఆకారం ఉంటుంది. ఇక రెండో కొలజాడీలో 40 మిల్లీలీటర్ల పొడి ఇసుకను కొలిచి, 50 మిల్లీలీటర్ల నీటిలో మెల్లగా పోయించండి. మట్టం 90కి చాలా కిందనే ఆగుతుంది. ముందు మనం కొలిచిన 40లో రేణువుల మధ్యనున్న గాలి కూడా కలిసి ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ ఒక్క పరిశీలనకు అరగంట పట్టినా ఫరవాలేదు.

గాలి వంతుకు సిరంజి పిస్టన్‌ను 20 గీత వరకు లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కించండి. గాలి 10 గీత వద్దకు కుంచించుకుపోతుంది, వదిలితే పిస్టన్ వెనక్కి వస్తుంది. ఉష్ణోగ్రత మారకుంటే ఘనపరిమాణం సగమైనప్పుడు పీడనం రెట్టింపవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమం ఇదే. బుడగలేమీ లేకుండా నీరు నింపి నొక్కిస్తే పిస్టన్ కదిలినట్టే ఉండదు. అంతమాత్రాన నీరు అసలే కుంచించుకుపోదని చెప్పకండి. నాలుగు కిలోమీటర్ల లోతున సముద్రపు నీటి ఘనపరిమాణం రెండు శాతంలోపు తగ్గుతుంది. వాయువు ఎంత చోటిస్తే అంత చోటా వ్యాపిస్తుందనడానికి, మూసిన గదిలో ఒక మూల సింహాచలం సంపెంగ ఉంచి, వాసన రెండో మూలకు ఎంతసేపటికి చేరిందో గమనింపజేయండి.

వీలైతే ఆ సాయంత్రమే బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలకు తీసుకెళ్లండి. జలాంతర్గామి మునగడానికి తన తొట్లలోకి సముద్రపు నీటిని రానిస్తుంది; పైకి తేలడానికి సిలిండర్లలో అధిక పీడనంతో నింపి ఉంచిన గాలిని వదిలి, ఆ నీటిని బయటికి నెట్టేస్తుంది. అంత చిన్న సిలిండర్లలోని గాలి అంత పెద్ద తొట్లను ఎలా ఖాళీ చేయగలిగిందని అక్కడే అడగండి. జవాబు రాకపోతే, ఇంటికి వచ్చాక సిరంజిని మళ్లీ చేతికివ్వండి.