జపనీస్ నేర్చుకోవడానికి యాప్ ఎలా ఎంచుకోవాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆపైన హిందీ, ఇంగ్లీషు ఉండనే ఉన్నాయి. ఇన్ని భాషల మధ్య పెరిగినవాళ్లు జపనీస్‌కు భయపడక్కర్లేదు. దగ్గర్లో నేర్పే మాస్టారు లేకపోయినా ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు. యాప్ ఎంపిక మాత్రం జాగ్రత్తగా చేయాలి.

ముందు, ఎందుకు నేర్చుకుంటున్నారో తేల్చుకోండి. జపనీస్ ఎంత వచ్చో తేల్చే జేఎల్‌పీటీ పరీక్షలో అన్నిటికన్నా తేలికైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా ఐదు మెట్లు. అందులో పదాలు, వ్యాకరణం, చదవడం, వినడమే ఉంటాయి, మాట్లాడించరు. నైపుణ్యం ఉన్న పనివాళ్లకు జపాన్ ఇచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాతో అక్కడికి పనికి వెళ్లాలనుకుంటే చాలా రంగాలకు ఎన్4 గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే మరో జపనీస్ పరీక్ష గానీ పాసవ్వాలి, పనికి సంబంధించిన పరీక్ష వేరే ఉంటుంది. పని కోసమైతే మీ ప్రధాన పాఠ్యపుస్తకం జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరొదొరి’ అవ్వాలి. పుస్తకం, ఆడియో రెండూ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. కొనడం, డాక్టర్ దగ్గరికి వెళ్లడం, పనిచోట మాట్లాడుకోవడం లాంటి రోజువారీ అవసరాల మీదే పాఠాలు నడుస్తాయి.

రెండోది, లిపి. జపనీస్‌కు రెండు అక్షరమాలలు: హిరగానాలో 46, కతకానాలో 46 మూలాక్షరాలు. జపనీస్ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే చూపిస్తూ, వాటిని తీసేసే వీలివ్వని యాప్ వద్దు. మొదటి వారాల్లో ఉచ్చారణ రాసుకోవాలంటే తెలుగులో రాసుకోండి. ఇది అభిమానం కొద్దీ చెప్పడం లేదు. జపనీస్‌లో ‘తొరు’ అంటే తీసుకోవడం, ‘తోరు’ అంటే దాటి వెళ్లడం. ఒడియా, హిందీ లిపుల్లో ఒ, ఓలకు వేర్వేరు గుర్తులు లేవు, మనకున్నాయి. తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లు ఆ నాలుగు గుర్తులూ (ఎ, ఏ, ఒ, ఓ) నేర్పితే చాలు.

మూడోది, ఆడియో. ‘ఒజిసాన్’ (మామయ్య, బాబాయి), ‘ఒజీసాన్’ (తాతయ్య) రెండూ యాప్‌లో వినండి. మనిషి గొంతులో, తేడా తెలిసేలా ఉంటేనే ఉంచుకోండి.

వ్యాకరణానికి ఖరీదైన యాప్ అక్కర్లేదు. కర్త, కర్మ, చివర క్రియ: వాక్యం దాదాపు మనలాగే నడుస్తుంది, విభక్తులు కూడా నామవాచకం తర్వాతే వస్తాయి. ఇంగ్లీషు వివరణ చిక్కుగా అనిపిస్తే ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని చూడండి.

అసలు బరువు కాంజీది, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరాలది. నిత్యవాడుకకు జపాన్ ప్రభుత్వం గుర్తించినవి 2,136. వీటికి ‘అంకి’ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌ని మించింది లేదని నా నమ్మకం. మరిచిపోయే సమయానికి కార్డును మళ్లీ ముందు పెడుతుంది. కంప్యూటర్‌లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో ‘అంకిడ్రాయిడ్’ పేరుతో ఉచితం, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. పేరు చూసి దించుకోండి, అలాంటి పేర్లతో వేరేవాళ్ల యాప్‌లూ ఉన్నాయి.

కొండల వైపు సిగ్నల్ నమ్మలేం. అందుకని డబ్బు కట్టేముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పాఠం తెరవండి. ‘తకొబొతో’ అనే జపనీస్ నిఘంటువు యాప్, అంకిడ్రాయిడ్ నెట్ లేకుండానే పనిచేస్తాయి. ఏడాది చందా మొదటిరోజే కట్టొద్దు, ఎవరు ఎంత డిస్కౌంట్ చూపించినా సరే.

నెల తర్వాత జేఎల్‌పీటీ వెబ్‌సైట్‌లోని ఉచిత నమూనా ప్రశ్నల్లో ఎన్5వి చేసి చూడండి. వినే భాగంలో తప్పులెక్కువైతే ఇరొదొరి ఆడియోకి టైమ్ పెంచండి. చదివే భాగంలో అయితే అంకిలో కొత్త కార్డులు ఆపి, పాతవే తిప్పండి.