స్లాపీ జో కుదరకపోతే: ఏ లోపానికి ఏం చేయాలి

అమెరికాలో పిల్లలు స్కూల్ కెఫెటేరియాలో తిని వచ్చి ఇంట్లో కూడా కావాలని అడిగే వంటల్లో స్లాపీ జో ఒకటి. బీఫ్ కీమాను ఉల్లిపాయ, బెల్ పెప్పర్‌తో వేయించి, కెచప్ సాసులో ఉడికించి, మెత్తటి బన్నులో పెట్టి ఇస్తారు. ఆఫీసు నుంచి వచ్చాక ముప్పావు గంటలో నలుగురికీ డిన్నర్ సిద్ధం. కానీ ఇంత సులువైన వంటే ఒకసారి పలచగా, ఒకసారి తీపిగా, ఒకసారి ముద్దలు ముద్దలుగా వస్తుంది. నేను చూసినంతలో ఈ లోపాల్లో ఎక్కువ భాగం నీటి దగ్గరే పుడతాయి. మాంసంలోంచి ఊరే నీరు, కూరగాయలు వదిలే నీరు, మనం పోసే నీరు. ఏది ఎప్పుడు ఇంకిపోవాలో కనిపెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ముందు కొలతలు చెప్పుకుందాం, తేడా ఎక్కడొచ్చిందో పోల్చి చూసుకోవచ్చు. పౌండు కీమా, అంటే సుమారు 450 గ్రాములు. మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, ఆకుపచ్చ బెల్ పెప్పర్ సగం, వెల్లుల్లి రెబ్బలు మూడు, కెచప్ ముప్పావు కప్పు, టమాటా పేస్టు ఒక టేబుల్ స్పూను, వూస్టర్‌షైర్ సాసు ఒక టేబుల్ స్పూను, ఆవాల మస్టర్డ్ ఒక టీస్పూను, బ్రౌన్ షుగర్ ఒక టీస్పూను, నీళ్లు అర కప్పు. ఇది ఐదు బన్నులకు వస్తుంది. బీఫ్ తినని ఇళ్లలో టర్కీ కీమాతోనో మేక కీమాతోనో చేసుకోవచ్చు. పద్ధతి అదే, తేడా ఉన్నచోట చెబుతాను.

మాంసం ఎర్రగా వేగకుండా బూడిద రంగులోకి మారి, నీళ్లలో ఉడుకుతోంది

అన్నిటికంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇదే, ఎందుకంటే రుచి తక్కువైందనే ఫిర్యాదు కూడా చాలాసార్లు ఇక్కడినుంచే వస్తుంది. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మాంసం ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం అంతకంటే బాగా ఎక్కువ వేడెక్కాలి. గిన్నెలో నీరు నిలిచి ఉన్నంతసేపూ వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, వేపుడు మొదలే కాదు.

నీరు నిలవడానికి కారణాలు మూడు. గిన్నె చిన్నదై మాంసం దొంతరగా పడటం, పాన్ వేడెక్కకముందే వేయడం, ఫ్రీజర్‌లోంచి తీసిన కీమా లోపల ఇంకా గడ్డకట్టి ఉండటం. పన్నెండు అంగుళాల వెడల్పు పాన్, వీలైతే ఇనుపది, తీసుకోండి. బాగా వేడెక్కాక కీమాను పలచగా పరిచి, మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. వేయగానే కలపాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోవాలి. అడుగు ఎర్రబడ్డాకే తిరగేసి విడదీయాలి. రెండు పౌండ్లు చేస్తుంటే రెండు విడతలుగా వేయించండి.

ఇప్పటికే నీళ్లు ఊరిపోయాయా? కంగారు లేదు. మూత పెట్టకుండా మంట పెంచి ఆ నీరంతా ఇంకనివ్వండి. చెవికి కూడా తెలుస్తుంది. బుడగల శబ్దం పోయి నూనెలో చిటపటలు మొదలైతే అప్పుడు వేపుడు మొదలైనట్టు. అక్కడి నుంచి ఇంకో మూడు నిమిషాలు వేయించండి. ఉల్లిపాయ, బెల్ పెప్పర్ వేయాల్సింది ఆ తర్వాతే. అవి కూడా నీరు వదిలేవే కాబట్టి మాంసంతో పాటే వేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పాన్ అడుగున గోధుమ రంగులో అంటుకున్న పొరను కడిగేయొద్దు. సాసు కోసం పోసే నీళ్లలో కొంచెం ముందే పోసి చెక్క గరిటెతో గీకితే అదంతా సాసులో కలుస్తుంది. రుచి అక్కడే ఉంది.

కీమా ముద్దలు ముద్దలుగా ఉండిపోయింది

గరిటె అంచుతో విడగొట్టబోతే జారిపోతుంది. మనింట్లో ఉండే పప్పుగుత్తి ఈ పనికి బాగా పనికొస్తుంది. మాంసం ఒకవైపు ఎర్రబడి ఇంకా లోపల మెత్తగా ఉన్నప్పుడే నొక్కుతూ విడదీయాలి. పూర్తిగా ఉడికి బిగిసిన ముద్ద తర్వాత విరగదు. సాసు పోసేశాక ముద్దలు కనిపిస్తే అర కప్పు నీళ్లు పోసి పది నిమిషాలు ఉడకనిచ్చి, అప్పుడు పప్పుగుత్తితో మెదపండి. నాన్‌స్టిక్ పాన్ అయితే చెక్క గుత్తే వాడాలి, స్టీలుది గీతలు పెడుతుంది.

మాంసం రబ్బరులా, పొడిపొడిగా ఉంది

కొవ్వు మరీ తక్కువున్న కీమా కొన్నారేమో ప్యాకెట్ చూడండి. 93/7 అని ఉంటే అందులో కొవ్వు ఏడు శాతమే. ఈ వంటకు 85/15 సరైనదని నా అభిప్రాయం. టర్కీ కూడా పొడిబారుతుంది కాబట్టి దానికి ముందుగా రెండు టేబుల్ స్పూన్ల నూనె వేయాలి.

తక్కువ కొవ్వుదే వాడాలనుకుంటే ఒక ఉపాయం ఉంది. పావు టీస్పూను వంటసోడాను టేబుల్ స్పూను నీళ్లలో కలిపి, పౌండు కీమాకు పట్టించి పదిహేను నిమిషాలు ఉంచండి. సోడా వల్ల మాంసంలోని ప్రోటీన్లు వేడికి అంతగా ముడుచుకోవు, నీటిని లోపలే పట్టి ఉంచుతాయి. అందుకే ముక్క మెత్తగా ఉంటుంది, పాన్‌లోకి నీరూ తక్కువే వస్తుంది. కొలత మించితే మాత్రం సబ్బు రుచి వస్తుంది, దాన్ని తీసేసే మార్గం లేదు.

వండేశాక బిగిసిందని తెలిస్తే కొంచెం వెన్న, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద ఐదు నిమిషాలు ఉంచండి. పూర్తిగా బాగవదు కానీ తినడానికి హాయిగా ఉంటుంది.

పైన నూనె తేలుతోంది

80/20 కీమా పౌండులో కొవ్వే దాదాపు 90 గ్రాములు. మాంసం వేగాక, కెచప్ వేయకముందే పాన్‌ను వాల్చి స్పూనుతో తీసేయండి, ఒక టేబుల్ స్పూను మాత్రం ఉంచండి. తీసిన కొవ్వును సింక్‌లో పోయకూడదు. చల్లారి గడ్డకట్టి పైపును మూసేస్తుంది. ఖాళీ డబ్బాలో పోసి, గడ్డకట్టాక చెత్తలో వేయాలి. సాసు కలిసిపోయాక నూనె కనిపిస్తే మాంసాన్ని ఒక పక్కకు జరిపి, రెండో వైపుకు చేరిన నూనెను తీయండి.

సాసు పలచగా ఉంది, బన్ను తడిసి చేతిలోనే విడిపోతోంది

ఇవి రెండు లోపాలుగా కనిపిస్తాయి కానీ సగం కారణం ఒకటే. మూత పెట్టి ఉడికించడం. ఆవిరి మూతకు తగిలి మళ్లీ నీరై గిన్నెలోకే పడుతుంది. సాసు వేశాక మూత తీసి, మధ్యస్థం కంటే తక్కువ మంట మీద పది నుంచి పదిహేను నిమిషాలు ఉడకనివ్వండి. గరిటెతో పాన్ అడుగున గీత గీస్తే ఆ దారి రెండు సెకన్లు అలాగే ఉండి మెల్లగా మూసుకోవాలి. వెంటనే మూసుకుపోతే ఇంకా ఉడకాలి. అసలు మూసుకోకపోతే ఎక్కువైంది, రెండు చెంచాల నీళ్లు చల్లండి. చల్లారేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది కాబట్టి కొంచెం జారుగా ఉన్నప్పుడే స్టవ్ ఆపాలి.

టైమ్ లేదనుకుంటే కార్న్‌స్టార్చ్ కలిపే అలవాటు చాలామందికి ఉంది. చిక్కబడుతుంది, కాదనను. కానీ సాసు జిగురుగా మెరుస్తుంది, రుచి మందగిస్తుంది. నేనైతే దాని బదులు ఇంకో టేబుల్ స్పూను టమాటా పేస్టు వేస్తాను. చిక్కదనమూ వస్తుంది, టమాటా రుచీ పెరుగుతుంది.

ఇక మిగతా సగం బన్ను సంగతి. సూపర్‌మార్కెట్ బర్గర్ బన్నులకు కింది ముక్క పలచగా ఉంటుంది, కాల్చకుండా పెడితే రెండు నిమిషాల్లో తడిసిపోతుంది. కోసిన వైపు వెన్న రాసి, పెనం మీద ఆ వైపే కిందికి ఉంచి బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి. వెన్న పొర, గట్టిపడిన పైభాగం కలిసి తడిని ఆపుతాయి. చీజ్ స్లైస్ ఇష్టమైతే మాంసం మీద కాకుండా కింద పెట్టండి, అదో అడ్డుగోడ. పొటాటో బన్ను, కైజర్ రోల్ ఇంకా బాగా నిలుస్తాయి. ముందే అన్నీ సర్ది పెట్టేయకుండా, మాంసం గిన్నె టేబుల్ మీద ఉంచి ఎవరిది వాళ్లు తినే ముందు పెట్టుకోనివ్వండి. ఒక్కో బన్నుకు అర కప్పు మించొద్దు.

పదిమంది వస్తున్నారని స్లో కుక్కర్‌లో వేడిగా ఉంచితే, మూత తీసినప్పుడల్లా మూత లోపలివైపు చేరిన నీటిని గిన్నెలోకి కాక సింక్‌లోకి వంపండి.

మరీ తీపిగా ఉంది

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మొదటిసారి తిన్నప్పుడు. కారణం బ్రౌన్ షుగర్ ఒక్కటే కాదు. అమెరికా కెచప్‌లో టేబుల్ స్పూనుకు సుమారు నాలుగు గ్రాముల చక్కెర ఉంటుంది. ముప్పావు కప్పు అంటే పన్నెండు టేబుల్ స్పూన్లు, అంటే 48 గ్రాములు అక్కడే చేరింది. దాని మీద పావు కప్పు బ్రౌన్ షుగర్ వేయమనే రెసిపీలు కూడా ఉన్నాయి.

మనవాళ్లు వెంటనే చేసే పని కారం పోయడం. కారం తీపిని తగ్గించదు, రెండూ విడివిడిగా నాలుకకు తగులుతాయి. తీపికి విరుగుడు పులుపు. యాపిల్ సైడర్ వెనిగర్ ఒక్కో టీస్పూను వేసి, కలిపి, రుచి చూస్తూ వెళ్లండి. వెనిగర్ లేకపోతే అర టీస్పూను చింతపండు గుజ్జు వేయండి. ఇది పరాయి రుచేమీ కాదు, వూస్టర్‌షైర్ సాసులో చింతపండు ఎలాగూ ఉంటుంది. వచ్చేసారికి సగం కెచప్ తగ్గించి, దాని బదులు డబ్బాలో దొరికే సాదా టమాటా సాసు వాడండి. అది నీరుగా ఉంటుంది కాబట్టి విడిగా పోసే నీళ్లు మానేయాలి.

1969లో వచ్చిన మ్యాన్‌విచ్ లాంటి డబ్బా సాసుతో చేస్తే తీపి, ఉప్పు వాళ్ల కొలతే. అందులోనూ వెనిగర్, మస్టర్డ్ పనిచేస్తాయి.

చప్పగా ఉంది, లేదా పచ్చి కెచప్ వాసన వస్తోంది

ఉప్పు అంతా చివర వేస్తే సాసు ఉప్పగా, ముక్క చప్పగా ఉంటాయి. మాంసం వేగేటప్పుడే అర టీస్పూను వేయాలి. ముందు సోడా పట్టించి ఉంటే ఇంకాస్త తగ్గించండి. టమాటా పేస్టును కొవ్వులో ఒక నిమిషం, రంగు ముదిరేదాకా వేయించండి. కారం, మిరియాల పొడి కావాలనుకుంటే అవి కూడా అప్పుడే వేయాలి. ఉడుకుతున్న సాసులో పైన చల్లితే పచ్చివాసన పోదు. పిల్లలకు ఒకలా పెద్దలకు ఒకలా కావాలంటే గిన్నెలో కారం తగ్గించి, ఊరబెట్టిన హలపీన్యో మిరపకాయ ముక్కలు పక్కన పెట్టడం మేలు.

కీమా కూరలా అయిపోయింది

అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా, చివర్లో కొత్తిమీర. ఈ మూడూ పడ్డాక అది స్లాపీ జో కాదు. వెనక్కి తీసుకెళ్లలేం. నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టి కీమా పావ్‌గా వడ్డించండి, అది కూడా మంచి భోజనమే. పిల్లలు అడిగిన రుచి కావాలంటే మాత్రం వెల్లుల్లి ఒక్కటే, సన్నగా తరిగి వేయండి.

లోపల ఇంకా గులాబీ రంగుగా ఉంది, తినొచ్చా?

రంగును నమ్మొద్దు. మాంసం పైభాగాన ఉండే బ్యాక్టీరియా కీమా కొట్టేటప్పుడు లోపలంతా కలుస్తుంది. అందుకే స్టేక్‌కు సరిపోయే వేడి కీమాకు సరిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క బీఫ్, మేక కీమాలకు 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్. టర్కీకి 165 ఫారెన్‌హీట్. పాన్‌లో మాంసాన్ని కుప్పగా చేసి థర్మామీటర్ మధ్యలో గుచ్చి చూడండి. ముద్దలు లేకుండా విడదీసి, సాసులో బుడగలు వచ్చేలా పది నిమిషాలు ఉడికిస్తే ఆ వేడి తప్పకుండా దాటుతుంది.

హోటల్లో అడిగితే చల్లటి శాండ్‌విచ్ ఇచ్చారు

న్యూజెర్సీ డెలీలో అయి ఉంటుంది. అక్కడ అదే పేరుతో రై బ్రెడ్, చల్లటి మాంసం, కోల్‌స్లా, రష్యన్ డ్రెస్సింగ్ దొంతరలుగా పెట్టి ఇస్తారు. ఎడిసన్ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందు అడగడం మంచిది. అయోవాలో సాసు లేని కీమా బన్ను వస్తే అది లూజ్ మీట్ శాండ్‌విచ్. అక్కడి మస్కటీన్‌లో 1926లో మొదలైన మెయిడ్-రైట్ అనే హోటల్ దానికే పేరుపొందింది.

మర్నాటికి గట్టిపడి, పొడిగా అయింది

సాసులోని నీటిని రాత్రంతా మాంసం పీల్చుకుంటుంది. కప్పుకు రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు చల్లి, మూత పెట్టి, 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడి చేయండి. వండాక రెండు గంటల్లోపే, లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టదలచుకుంటే సాసును మామూలుకంటే కొంచెం జారుగా ఉన్నప్పుడే దించండి, ఒక్కో పూటకు సరిపడా సంచుల్లో పలచగా పరిచి గడ్డకట్టించండి. బన్నులు మాత్రం అప్పటికప్పుడు కాల్చుకోవాలి.