మ్యూజియం దగ్గర అన్ని వయసుల వాళ్లతో మట్టి వర్క్‌షాప్ ఎలా పెట్టాలి? (శాలిహుండం అనుభవంతో)

మ్యూజియం అంటే గుంటల్ని తీసుకెళ్లి, ముట్టుకోకు ముట్టుకోకు అని అరుస్తూ పది నిమిషాల్లో ఒక చుట్టు తిప్పేసి, బయటికొచ్చి ఐస్ కొనిపెట్టి ఇంటికి తెచ్చేయడం, మనందరం చేసిందే. అదే చూసినదాన్ని చేత్తో చేయమంటే మాత్రం ఎనిమిదేళ్ల వాడు, వాడి మామ్మ ఇద్దరూ లేవరు, భోజనానికి పిలిచినా రారు. మా ఊరి వాళ్లతో శాలిహుండంలో చేశాం కాబట్టి అదే చెప్తా, మీరు ఎక్కడ చేసినా పద్ధతి ఇదే.

శాలిహుండం శ్రీకాకుళం దగ్గరే, గార మండలంలో, వంశధార పక్కన కొండ మీద బౌద్ధ స్తూపాలున్న చోటు. దీన్ని 1919లో గిడుగు రామ్మూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారు, అవును, వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగే. తవ్వకాల్లో బ్రాహ్మీ అనే పాత లిపి అక్షరాలు గీసిన కుండ పెంకులు కూడా దొరికాయి. మా వర్క్‌షాప్ మొత్తం ఆ పెంకుల మీదే, ఇంకేం పెట్టలేదు.

ఎందుకు ఒక్కటే అంటే మొదటిసారి వేరే చోట మేం మాస్కులు, పెయింటింగ్, మట్టి, పేపర్ బొమ్మలు అన్నీ పెట్టేశాం, ఏదీ పూర్తవలేదు, పైగా ఒక పెయింట్ డబ్బా మెట్ల మీద ఒలికిపోయి గంటసేపు కడుక్కున్నాం. ఒక పూటకి ఒక్క పని చాలు.

ముందు పర్మిషన్. శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, కాబట్టి నోటిమాటతో అవదు, ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ సామాను తెస్తారు, ఎక్కడ కూర్చుంటారు అన్నీ రాసి లెటర్ పెట్టండి. మట్టి, నీళ్లు, రంగులు గ్యాలరీలోకి తీసుకురాం అని మీరే రాసేయండి, అవతలి వాళ్లకి సగం భయం పోతుంది. ఆవరణలో వద్దంటే ఏం కాదు, పొద్దున్న చూసేసి, ఊళ్లో ఏదైనా చెట్టు కిందో వరండాలోనో చేసుకోవచ్చు.

సామాను కుమ్మరి దగ్గర దొరికే మట్టే, కలిపి పిసికి రెడీగా ఉన్నది అడగండి, మనిషికి అరకేజీ లెక్కన ఇరవై మందికి పది పన్నెండు కేజీలు తీసుకుని తడి గోనెలో చుట్టి తెచ్చుకోండి. గీయడానికి చీపురు పుల్లలు, కింద వేసుకోవడానికి పాత పేపర్లు, రెండు బకెట్ల నీళ్లు, పాత గుడ్డలు. క్రాఫ్ట్ కిట్లు కొనక్కర్లేదు, డబ్బు దండగ.

మ్యూజియం లోపలికి వెళ్లేటప్పుడు చేతికి పెన్సిలు, కాగితం మాత్రమే, పెన్నులు వద్దు. ఒక్కొక్కరూ ఏదో ఒక్క వస్తువు ముందు ఐదు నిమిషాలు నిలబడి గీయాలి. తార విగ్రహం గీస్తారో, మారీచిని గీస్తారో (ఇద్దరూ బౌద్ధ దేవతలే) వాళ్లిష్టం. మారీచికి సాధారణంగా ఒక ముఖం పంది ముఖం ఉంటుంది, ఇక్కడ ఉందేమో వెతకమంటే గుంటలు కదలరు, చూడండి. బొమ్మ వంకరగా వచ్చినా ఏం మాట్లాడకండి, ఇక్కడ కావాల్సింది చూపు.

ఇప్పుడు అసలు పని. మట్టి ముద్దని అరచేత్తో తట్టి అరచేయంత బిళ్ల చేయండి, చిటికెన వేలంత మందం ఉండాలి, అంతకన్నా లావైతే లోపల తడి ఉండిపోయి కాల్చేటప్పుడు పగులుతుంది. అంచులు కావాలని వంకరగా తుంచండి, విరిగిన పెంకులా కనబడుతుంది. తర్వాత దాని మీద మన పేరు బ్రాహ్మీలో.

అశోకుడి కాలం నాటి బ్రాహ్మీలో క అంటే కూడిక గుర్తు. ర అంటే ఒక నిలువు గీత. న అంటే అడ్డగీత మీద నిలబెట్టిన నిలువు గీత. గ అంటే ఇంటి కప్పు లాంటి కోణం, ఠ అంటే సున్నా. అక్షరం పై కొసకి కుడివైపు చిన్న అడ్డగీత పెడితే దీర్ఘం. అంటే కనక అని రాయాలంటే కూడిక, అడ్డగీత మీద నిలువు, మళ్లీ కూడిక, అంతే. మిగతా అక్షరాలన్నీ ఒక పెద్ద చార్టు మీద రాసి చెట్టుకి కట్టేయండి.

అన్ని వయసుల వాళ్లని కలపడానికి ఇంతకన్నా మంచి పని నాకు దొరకలేదు. బొమ్మలు వేయమంటే "నాకు రాదమ్మా" అని పెద్దవాళ్లు పక్కకి పోతారు, బ్రాహ్మీ అయితే ఎవరికీ రాదు కదా, డిగ్రీ చదివినవాడూ చార్టు చూడాల్సిందే. మాతో వచ్చిన ఒక మామ్మ వేలిముద్ర వేసే మనిషి, పుల్ల పట్టుకుని కాసేపు చార్టు వంక చూసి, "ఏటి, ఇది ముగ్గులాగే ఉంది గదా" అని మనవడికన్నా బేగి రాసేసింది. తర్వాత వాడి పేరు కూడా ఆవిడే రాసిచ్చింది.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. గుంటలు పుల్లని గట్టిగా నొక్కేసి బిళ్లకి అటువైపు దాకా చీల్చేస్తారు, పైపైన గీస్తే చాలని ముందే చెప్పండి. చీలితే పారేయొద్దు, నీళ్లలో కలిపిన పల్చటి మట్టి రాసి అతికించి సాపు చేస్తే అతుక్కుంటుంది.

ఎండలో పెట్టకండి, పెడితే సాయంత్రానికే నెర్రెలు. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, అప్పుడప్పుడు తిప్పుతుండాలి. కాల్చకపోతే నీళ్లు తగలగానే కరిగిపోతుంది కాబట్టి మట్టి కొన్న కుమ్మరినే అడిగి ఆవంలో పెట్టించుకోండి, ఆయన టైమ్‌కి డబ్బులు ఇవ్వాలి, ఊరికే చేయమనడం బాగోదు. మట్టి తడిగా ఉన్నప్పుడే వెనకవైపు పుల్లతో తెలుగులో కూడా పేరు గీసి ఉంచండి, లేకపోతే కాలి వచ్చాక ఎవరి పెంకు ఎవరిదో చార్టు ముందు పెట్టుకుని చదువుకోవాలి, మాకు అదే అయింది, ఒక పెంకు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.